మెటలర్జీలో పీహెచ్‌డీనా, మెకానికల్‌లోనా? వరంగల్ నుంచి చూస్తే

పీహెచ్‌డీ ఆలోచన ఉన్న పిల్లలైనా, వాళ్ల అమ్మానాన్నలైనా ముందు అడిగేది ఒకటే మాట, "సార్, దీనికి స్కోప్ ఉందా?" హనుమకొండలోనైనా అంతే, కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా అంతే. ఉంది అనొచ్చు, లేదు అనొచ్చు, రెండూ నిజమే, అందుకే ఆ ప్రశ్న అడిగి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. ఐఐటీ, ఎన్ఐటీల్లో ఫ్యాకల్టీ కావాలా, హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ లాంటి ల్యాబులో సైంటిస్టు కావాలా, ఇంటికి దగ్గర్లో ఏదో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవాలా, కంపెనీ ఆర్ అండ్ డీలో చేరాలా, జర్మనీకో అమెరికాకో పోవాలా? అన్నిటికీ పీహెచ్‌డీ అనే ఒక్క పేరే వాడుతున్నాం గానీ ఒక్కో చోట ఒక్కో లెక్క చూస్తారు. ఒకచోట పనికొచ్చిన పేపర్‌ను ఇంకోచోట ఎవరూ తిరగేసి కూడా చూడరు. ఇరవై మూడేళ్లకు చేరి, ఇరవై తొమ్మిదేళ్లకు థీసిస్ ఇచ్చాక, తాము కూడబెట్టుకున్నది తమకు కావలసిన ఉద్యోగానికి అక్కరకు రాదని తెలుసుకునేవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రంగంలో బ్రాంచి పేరు కంటే ల్యాబు ముఖ్యం. ల్యాబు ఎంచుకునే ముందు, చివరికి పై ఐదింట్లో ఏది కావాలో మనసులో కనీసం సగమైనా తేల్చుకోవాలి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

పగిలిన ట్యూబు, ఇద్దరు ఇంజినీర్లు

ముందు ఈ రెండు బ్రాంచీల తేడా ఏంటో చూద్దాం, చాలామంది బీటెక్ పిల్లలకు కూడా ఇది స్పష్టంగా ఉండదు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది, 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. రామగుండం ఎన్టీపీసీ 1983 నుంచి నడుస్తోంది, దానికి తోడు 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఈ మధ్యే వచ్చాయి. ఇలాంటి ఏ ప్లాంటులోనైనా బాయిలర్ ట్యూబు పగిలిందంటే యూనిట్ ఆగినట్టే. మెకానికల్ మనిషి వచ్చి, లోపల ప్రెషర్ ఎంత, గోడ మందం ఎంత తగ్గింది, బూడిద ఏ కోణంలో రాసుకుంటోంది, వేడి ఎక్కడ ఎక్కువ తగిలింది, మిగిలిన ట్యూబులకు ఇంకెన్నాళ్ల ఆయుష్షు ఉంది అని లెక్క వేస్తాడు. మెటలర్జీ మనిషి అదే ట్యూబును ముక్క కోసి, అద్దంలా పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, గ్రెయిన్ల, అంటే లోహం లోపలి సన్నటి స్ఫటికాల, అంచుల్లో చిన్న చిన్న ఖాళీలు పుట్టాయా, కార్బైడ్లు ముద్ద కట్టాయా అని చూస్తాడు. అది 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న టీ91 ఉక్కు అయితే, దాని బలమంతా లోపలి ఆ సన్నటి నిర్మాణంలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉండి ఆ నిర్మాణం చెడిపోయాక, పైకి ట్యూబు బాగానే కనబడుతున్నా లోపల సత్తువ ఉండదు.

కాబట్టి ఒకరు లోడు వైపు నుంచి వస్తారు, ఇంకొకరు లోహం వైపు నుంచి. రీసెర్చిలో మాత్రం ఈ గీత చాలావరకు చెరిగిపోయింది. మెకానికల్‌లో ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ మీద పనిచేసే స్కాలర్ సగం కాలం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందే గడుపుతాడు, మెటలర్జీలో డిఫర్మేషన్ మీద పనిచేసే అమ్మాయి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతుంది. ఇద్దరి థీసిస్‌లు పక్కపక్కన పెడితే ఎవరిది ఏ డిపార్ట్‌మెంటో చెప్పడం కష్టం.

మరి బ్రాంచితో పనేముంది అంటే, ఉద్యోగ ప్రకటనల దగ్గర ఉంది. సైన్స్‌లో చెరిగిపోయిన గీత నోటిఫికేషన్‌లో అలాగే మిగిలిపోయింది. "సంబంధిత బ్రాంచిలో బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ" అని రాసి ఉంటుంది, ఆ సంబంధిత అనే మాటకు ఒక్కో సంస్థ ఒక్కో అర్థం చెబుతుంది. బీటెక్ మెకానికల్ చేసి, ఎంటెక్, పీహెచ్‌డీ మెటీరియల్స్‌లో చేసినవాళ్లను కొన్నిచోట్ల రెండు డిపార్ట్‌మెంట్లూ పిలుస్తాయి, కొన్నిచోట్ల ఒక్కటీ పిలవదు. మెకానికల్ డిపార్ట్‌మెంట్లు పోస్టులను డిజైన్, థర్మల్, మాన్యుఫాక్చరింగ్ అని విడగొట్టుకుంటాయి. అక్కడ మెటీరియల్స్ థీసిస్ ఉన్నవాళ్లు మాన్యుఫాక్చరింగ్ గుంపులో నిలబడాలి, ఇంటర్వ్యూలో మెషినింగ్, మెట్రాలజీ కూడా అడుగుతారు. పీహెచ్‌డీలో చేరకముందే గత రెండు మూడేళ్ల ఫ్యాకల్టీ ప్రకటనలు ఒక పది డౌన్‌లోడ్ చేసుకుని ఎలిజిబిలిటీ పేరాలు చదవండి. గంట పని. ఎవరూ చెయ్యరు.

ఇంకో తేడా సంఖ్యలది. మెకానికల్ బ్రాంచి లేని ఇంజినీరింగ్ కాలేజీ ఒకప్పుడు లేదు. మెటలర్జీ బీటెక్ అలా కాదు, తెలంగాణలో ఎన్ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఎంజీఐటీ, బాసర ఆర్‌జీయూకేటీ లాంటి కొన్నిచోట్లే ఉంది. మెటలర్జీలో పోస్టులు తక్కువ, పోటీదారులూ తక్కువ. మెకానికల్‌లో పోస్టులు ఎక్కువ, ఒక్కో పోస్టుకు వచ్చే అప్లికేషన్లు అంతకంటే చాలా ఎక్కువ.

విచిత్రం ఏంటంటే లోహవిద్యలో ఉత్తర తెలంగాణకు ఉన్న పాత పేరు అంతా ఇంతా కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఇప్పుడు అదే ప్రాంతం పిల్లలు "బయ్యారం ఫ్యాక్టరీ వస్తే మెటలర్జీకి గిరాకీ వస్తుంది కదా" అని అడుగుతారు. 2014 విభజన చట్టంలో బయ్యారం అప్పుడున్న ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ఆ ఆరు నెలలు ఎంత సాగాయో అందరికీ తెలుసు. రాని ఫ్యాక్టరీని నమ్ముకుని బ్రాంచి ఎంచుకోకండి.

వెనక ఉన్న గోడ కూలింది

పదిహేనేళ్ల కిందట మెకానికల్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఒక ధైర్యం ఉండేది. ఎన్ఐటీ రాకపోయినా, ఐఐటీ రాకపోయినా, హసన్‌పర్తి దాకానో, నర్సంపేట రోడ్డులోనో, కరీంనగర్‌లోనో ఏదో ఒక ప్రైవేటు కాలేజీ ఉండేది, డాక్టరేట్ ఉంటే పిలిచి మరీ అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు ఇచ్చేవాళ్లు. ఆ కాలేజీలు ఇప్పుడూ ఉన్నాయి, మెకానికల్ సీట్లే లేవు. ఉన్న సెక్షన్లు తగ్గించుకుని, ఆ సీట్లను కంప్యూటర్ సైన్స్‌కు, ఏఐ-ఎంఎల్‌కు, డేటా సైన్స్‌కు మార్చుకున్నాయి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక టీచర్. విద్యార్థులే లేనప్పుడు టీచర్ ఎక్కడి నుంచి వస్తాడు? మిగిలిన మెకానికల్ సార్లు మొదటి సంవత్సరం పిల్లలకు ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నారు, కొందరు పైథాన్ నేర్చుకుని ఏఐ సబ్జెక్టులు తీసుకుంటున్నారు. (వాళ్లను వెక్కిరించేవాళ్లున్నారు గానీ, నలభై ఏళ్ల వయసులో కొత్త సబ్జెక్టు నేర్చుకుని క్లాసులో నిలబడటం చిన్న పని కాదు.)

రాష్ట్ర యూనివర్సిటీల సంగతి ఇంకో చిక్కు. రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయి, పాఠాలు ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్ల మీదే నడుస్తున్నాయి. యూనివర్సిటీలన్నిటికీ ఒకే నియామక బోర్డు పెడతామని 2022లో అసెంబ్లీలో బిల్లు పాస్ చేశారు, అది గవర్నర్ ఆమోదం దగ్గర చిక్కుకుంది. అందుకని "ఇంకేం కాకపోతే కాకతీయ యూనివర్సిటీలో చూసుకుంటా" అనే మాటను ప్రస్తుతానికి ప్లాన్‌లో రాసుకోవద్దు. వస్తే బోనస్.

ఈ గోడ కూలడం వల్ల మారింది ఇదీ: సగటు పీహెచ్‌డీకి ఒకప్పుడు సగటు ఉద్యోగమైనా దొరికేది. ఇప్పుడు ఆ మధ్య మెట్టు లేదు. అందుకే ఎక్కడ చేస్తున్నారు, ఎవరి దగ్గర చేస్తున్నారు అన్నది ఇంతకు ముందు కంటే ఎక్కువ బరువు పట్టింది.

అయిదేళ్లు ఎందుకు పడుతుంది

ఇంట్లో వాళ్లకు అర్థం కానిది ఇదే. "మూడేళ్లే అన్నావు కదరా?" యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అని ఉంది, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు, మొత్తం కాలంలో 240 రోజుల దాకా మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ సెలవు కూడా ఉన్నాయి. కనీసం అని రాసిన దాన్ని అందరూ మామూలు అనుకుంటారు.

లోహం తొందరపడదు. ఫాటిగ్ టెస్టు తీసుకోండి, అంటే ఒక నమూనాను మళ్లీ మళ్లీ లాగి వదులుతూ ఎన్ని సార్లకు విరుగుతుందో చూడటం. విరగకపోతే సాధారణంగా కోటి సైకిళ్ల దాకా నడిపి ఆపుతారు. సెకనుకు 20 సైకిళ్ల చొప్పున కోటి పూర్తవడానికి అయిదు లక్షల సెకన్లు, అంటే రాత్రీ పగలూ నడిస్తే దాదాపు ఆరు రోజులు. ఇది ఒక్క నమూనాకు. ఒక గ్రాఫు గీయడానికి కనీసం పదిహేను నమూనాలు కావాలి, అన్నీ కోటి దాకా పోవు గానీ పోయినవి పోతాయి. మీ అల్లాయ్‌కి మూడు రకాల హీట్ ట్రీట్‌మెంట్లు ఉంటే ఆ గ్రాఫులు మూడు. ల్యాబులో ఆ మెషిన్ ఒక్కటే, దాని కోసం నలుగురు స్కాలర్లు. మధ్యలో కరెంటు పోతేనో, హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కి మెషిన్ ట్రిప్ అయితేనో ఆ నమూనా మీద నమ్మకం పోయినట్టే, మళ్లీ మొదటికి. క్రీప్ అయితే, అంటే వేడిలో బరువు కింద లోహం మెల్లగా సాగడాన్ని కొలవాలంటే, ఇంకా నెమ్మది. పదివేల గంటల టెస్టు అంటే పద్నాలుగు నెలలకు దగ్గర, గ్రాఫులో ఒక్క చుక్క కోసం.

నమూనా తయారీ గురించి బయట ఎవరూ మాట్లాడరు, ల్యాబులో మాత్రం మాటలన్నీ దాని గురించే. కరెంటు తీగతో లోహాన్ని కోసే వైర్ ఈడీఎమ్‌లో ముక్క కోయించాలి, దానికి వర్క్‌షాప్ లైను. తర్వాత ఎమరీ పేపర్ల మీద 220 నుంచి 2000 దాకా ఒక్కో గ్రేడు, ప్రతిసారీ ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి, ముందు గీతలు పోయేదాకా రుద్దాలి. ఆపైన డైమండ్ పేస్టుతో పాలిష్. ఉక్కయితే నైటాల్‌లో, అంటే ఆల్కహాల్‌లో కలిపిన కొంచెం నైట్రిక్ యాసిడ్‌లో, కొన్ని సెకన్లు ఎచ్ చెయ్యాలి. నాలుగు సెకన్లు ఎక్కువైతే ఉపరితలం నల్లబడి, పొద్దుట్నుంచి చేసినదంతా పోయి, మళ్లీ ఎమరీ పేపరు దగ్గరికి. ఈబీఎస్‌డీ, అంటే గ్రెయిన్లు ఏ దిశలో ఉన్నాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే పని, చేయాలంటే ఈ పాలిష్ కూడా చాలదు, పైపొరలో పాలిషింగ్ వల్ల వచ్చిన ఒత్తిడి కూడా పోవాలి, కాబట్టి ఎలక్ట్రోపాలిషింగ్ లాంటిది చెయ్యాలి. ఎలక్ట్రాన్లను నమూనా గుండా పంపి చూసే మైక్రోస్కోపు టీఈఎమ్‌కు మూడు మిల్లీమీటర్ల బిళ్ల కోసి, మధ్యలో ఎలక్ట్రాన్లు దూరిపోయేంత పలచగా చెయ్యాలి, అది చేతిలో విరిగిపోకుండా హోల్డర్‌లోకి ఎక్కించడమే ఒక విద్య. ఇదంతా అయ్యాక స్లాటు కోసం చూడాలి. మైక్రోస్కోపు స్లాటు మూడు వారాల తర్వాత దొరికి, ఆ రోజు ఫిలమెంటు పోయిందనుకోండి, ఇంకో నెల.

అందుకే ల్యాబు ముఖ్యమంటున్నాను. చేరే ముందు గైడ్ వెబ్ పేజీలో పరికరాల జాబితా చూస్తారు అందరూ. ఆ పరికరం ఇప్పుడు నడుస్తోందా అన్నది ఎవరూ అడగరు. మన సంస్థల్లో పెద్ద మెషిన్లు చాలావరకు ప్రాజెక్టు డబ్బుతో వస్తాయి, కొన్న మూడేళ్లు వారంటీ ఉంటుంది, తర్వాత ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు కట్టాలి. ప్రాజెక్టు ముగిశాక ఆ డబ్బు ఎవరిస్తారన్నది తేలక, లక్షలు పోసి కొన్న యంత్రం గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. దారులు లేకపోలేదు, దేశంలో ఎక్కడెక్కడ ఏ పరికరం ఉందో చూసి బుక్ చేసుకోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది. హైదరాబాద్ దగ్గరే కాబట్టి కాజీపేటలో రైలెక్కి అక్కడి ల్యాబుల్లో పని చూసుకుని రాత్రికి వచ్చేయొచ్చు, ఇక్కడి స్కాలర్లు అదే చేస్తారు. కానీ ప్రతి నమూనాకూ అలా తిరిగితే కాలమూ కరుగుతుంది, కాంటింజెన్సీ డబ్బులూ కరుగుతాయి.

గైడ్ విషయంలో యూజీసీ లెక్క ఒకటి తెలిసి ఉండాలి: ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు. ఎనిమిది మంది ఉన్న ప్రొఫెసర్ దగ్గర పరికరాలు, ప్రాజెక్టులు, పరిచయాలు ఉంటాయి, మీతో కూర్చునే తీరిక ఉండదు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మీ డ్రాఫ్టు అక్షరం అక్షరం దిద్దుతారు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తుతారు, మెషిన్ మాత్రం ఇంకా టెండర్‌లో ఉంటుంది. నన్నడిగితే పెద్ద ల్యాబులో చేరి, అక్కడే ఉన్న చిన్న వయసు ఫ్యాకల్టీని కో-గైడ్‌గా పెట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. అది ఇద్దరికీ ఇష్టమైతేనే సుమా, వాళ్ల మధ్య పడకపోతే నలిగేది మీరే.

పరికరాలు లేనిచోట చేరాల్సి వస్తే కంప్యూటేషన్ వైపు చూడటం తెలివైన పనే. పరమాణువుల స్థాయి సిమ్యులేషన్లు, క్రిస్టల్ ప్లాస్టిసిటీ, మెషిన్ లెర్నింగ్‌తో అల్లాయ్ డిజైన్, వీటికి కావలసింది కంప్యూటర్ సమయం. నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన పరమ్ సేవా ఐఐటీ హైదరాబాద్‌లోనే ఉంది. క్రోమియం, మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్ ఐదింటినీ సమపాళ్లలో కలిపిన అల్లాయ్ గురించి 2004లో పేపర్లు వచ్చాక హై ఎంట్రోపీ అల్లాయ్స్ అనే పెద్ద రంగమే పుట్టింది, అందులో సాధ్యమైన కలయికలన్నీ కరిగించి చూడటం ఎవరి తరమూ కాదు, ముందు కంప్యూటర్‌లో జల్లెడ పట్టాల్సిందే. అయితే ప్రయోగం అసలే చెయ్యని మెటీరియల్స్ పీహెచ్‌డీని మన దగ్గర ఇంటర్వ్యూ బోర్డులు కొంచెం అనుమానంగా చూస్తాయి, కనీసం ఒక అధ్యాయమైనా చేత్తో పట్టుకునే నమూనా మీద ఉండేలా చూసుకోండి.

డబ్బు

ఇది సూటిగా చెప్పేస్తే మంచిది. గేట్‌తో ఎంటెక్ చేస్తే నెలకు 12,400. పీహెచ్‌డీలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే 70,000తో మొదలై 80,000 దాకా వెళ్తుంది, ఏటా రెండు లక్షల రీసెర్చ్ గ్రాంటు వేరే. అది దొరికేది కొద్దిమందికే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది, సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌కూ ప్రాజెక్టు జేఆర్ఎఫ్‌కూ తేడా. రెండోది ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, సాధారణంగా మూడేళ్లు. నాలుగో ఏడు ఎలా అని ముందే గైడ్‌ను అడగాలి. అడగడానికి మొహమాటపడతారు, తర్వాత టెన్షన్ పడతారు.

ఫెలోషిప్ డబ్బు నెలనెలా పడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. కొన్ని నెలలు ఆగి ఒకేసారి రావడం కొత్త కాదు, హాస్టల్ ఫీజు మాత్రం ఆగదు. ఇదే సమయంలో మీతో చదివిన క్లాస్‌మేట్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేరి కారు కొనుక్కుంటాడు, పెళ్లిళ్లలో చుట్టాలు "ఇంకా చదువుతున్నావా బిడ్డా?" అని ఆప్యాయంగానే అడుగుతారు. ఇరవై ఏడేళ్ల ఆడపిల్లను ఆ ప్రశ్న అడిగే తీరు ఇంకా వేరు. దీనికి నా దగ్గర మందు లేదు.

ఎక్కడ ఏ పేపర్ చెల్లుతుంది

థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అనే నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, సంస్థలు మాత్రం తమ సొంత నియమాలు పెట్టుకోవచ్చు, చాలావి పెట్టుకున్నాయి. ఎటు చూసినా పేపర్ లేకుండా ఉద్యోగం లేదు. ఎన్ని పేపర్లు అన్న దాని దగ్గరే అసలు గందరగోళం.

ప్రైవేటు కాలేజీలకు ర్యాంకింగుల కోసం, అక్రెడిటేషన్ కోసం సంఖ్య కావాలి. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో కనబడితే చాలు, ఒక్కో దానికి ఇంత అని డబ్బు కూడా ఇస్తాయి. ఈ ఆశతో కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో "అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ కలిపితే కాఠిన్యం పెరిగింది" తరహా పేపర్లు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి. ఎంత కలిపితే ఎంత పెరిగిందో టేబుల్ ఉంటుంది, ఎందుకు పెరిగిందో ఒక్క వాక్యం ఉండదు. అవే ముప్పై పేపర్లు పట్టుకుని ఐఐటీ ఇంటర్వ్యూకు వెళ్తే, బోర్డులో ఎవరో ఒకరు "వీటిలో మీకు ఇష్టమైనది ఒకటి చెప్పండి, దాని మెకానిజం ఏంటి?" అంటారు. అక్కడితో అయిపోతుంది. అక్కడ యాక్టా మెటీరియాలియా లాంటి జర్నల్‌లో ఫస్ట్ ఆథర్‌గా వచ్చిన రెండు పేపర్లు ఆ ముప్పైని దాటేస్తాయి. హెచ్-ఇండెక్స్ అని ఇంకోటి ఉంది, 2005లో హిర్ష్ అనే ఫిజిసిస్టు కనిపెట్టిన లెక్క. మీకు పది పేపర్లుండి ఒక్కోదాన్ని కనీసం పదిమంది ఉదహరిస్తే పది. వయసుతో పాటు పెరిగేదే తప్ప తగ్గేది కాదు కాబట్టి, ముప్పై ఏళ్లవాళ్లను దానితో కొలవడంలో పెద్ద అర్థం లేదు, అయినా కొలుస్తారు.

డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి అసలు పోవద్దు. మంచి జర్నళ్ల జాబితాగా వాడిన యూజీసీ-కేర్‌ను 2025లో ఆపేశారు, ఇక ఏది మంచిదో చూసుకునే బాధ్యత సంస్థలదీ మీదీ. సులువైన పరీక్ష ఒకటుంది: మీ థీసిస్‌లో మీరు ఎక్కువగా ఉదహరించే పేపర్లు ఏ జర్నళ్లలో వచ్చాయో అక్కడికే పంపండి. రిజెక్ట్ అయినా రివ్యూలు పనికొస్తాయి.

పీహెచ్‌డీ అవసరమే లేని దారి

ఇది చాలామందికి తెలియదు, తెలిసేసరికి వయసు దాటుతుంది. హైదరాబాద్ చుట్టూ డీఎంఆర్ఎల్ 1963 నుంచి ఉంది, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని 1973 నుంచి, బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఉంది. లోహాల మీద పనిచేసేవాళ్లకు దేశంలో ఇంతకంటే చిక్కటి చోటు లేదనొచ్చు. డీఎంఆర్ఎల్ డైరెక్టర్‌గా చేసిన పల్లె రామారావు తర్వాత దేశ సైన్స్ శాఖ కార్యదర్శి అయ్యారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వీసీ అయ్యారు. డీఆర్డీవోలో సైంటిస్ట్ బీ పోస్టుకు కావలసింది బీటెక్ ఫస్ట్ క్లాసు, మంచి గేట్ స్కోరు, ఆపైన ఇంటర్వ్యూ. అణు పరిశోధన కేంద్రం బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కూ గేట్ దారి ఉంది. చేరాక జీతం తీసుకుంటూ పీహెచ్‌డీ చేసుకోవచ్చు, అక్కడి పరికరాలతో. కాబట్టి మీ కల "నేను మిస్సైల్ మెటీరియల్ మీద పనిచెయ్యాలి" అయితే, ముందు పీహెచ్‌డీలో చేరి అయిదేళ్లు ఆగడం కంటే గేట్ మీద ఒక ఏడు గట్టిగా కూర్చోవడం దగ్గరి దారి. "నా ప్రశ్న నేనే ఎంచుకోవాలి, పిల్లలకు చెప్పాలి" అయితే అప్పుడు యూనివర్సిటీ.

డాక్టరేట్ తర్వాత

యూనివర్సిటీ దారి పట్టినవాళ్లకు లెక్క ఇలా ఉంటుంది. ఎన్ఐటీల్లో 2017లో సవరించిన నియమాల ప్రకారం, పీహెచ్‌డీ అయిన వెంటనే దొరికేది అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ రెండు, కాంట్రాక్టు మీద, లెవల్ 10, ఆ స్కేలు మూల వేతనం 57,700తో మొదలు. పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం ఉంటే గ్రేడ్ ఒకటి, లెవల్ 12, మొదలు 1,01,500. ఈ రెండింటి మధ్య తేడా చూశాక ఆ మూడేళ్లు పోస్ట్‌డాక్, అంటే డాక్టరేట్ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, ఎందుకు చేస్తారో వేరే చెప్పక్కర్లేదు. అన్నిటికీ ముందు డిగ్రీల్లో ఫస్ట్ క్లాసు ఉండాలి, బీటెక్‌లో 59 శాతం తెచ్చుకున్నవాళ్లకు తర్వాత ఎన్ని మంచి పేపర్లున్నా ఈ మెట్టు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇది అన్యాయమనే నా ఉద్దేశం, నియమం మాత్రం అదే.

పోస్ట్‌డాక్ ఇక్కడే చేయాలంటే నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఇంతకుముందు సెర్బ్ ఇచ్చేది, 2024 నుంచి దాన్ని కలుపుకున్న అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇస్తోంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ అయితే నెలకు 1,25,000, ఏటా ఏడు లక్షల గ్రాంటు, అయిదేళ్లు, దానికి వయసు పరిమితి జనరల్ వాళ్లకు 32. బీటెక్ 22, ఎంటెక్ 24, పీహెచ్‌డీ 29 అని వేసుకుంటే చేతిలో మూడేళ్లే. ఎంటెక్ తర్వాత రెండేళ్లు గ్రూప్స్‌కో ఇంకోదానికో ప్రిపేరయి వచ్చినవాళ్లకు ఒక్క ఏడే మిగులుతుంది. అందుకే బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీ అనే దారి ఇప్పుడు అర్థవంతంగా ఉంది, నాలుగేళ్ల డిగ్రీలో 7.5 సీజీపీఏ ఉంటే యూజీసీ ఒప్పుకుంటోంది, ఆయా సంస్థ నియమం చూసుకోవాలి.

విదేశమంటే మనవాళ్లకు అమెరికాయే. మెటీరియల్స్ వాళ్లు మాత్రం జర్మనీని ముందు చూడాలి. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ ఒకప్పుడు ఇనుము పరిశోధన పేరుతో ఉండేది, 2024లో సస్టైనబుల్ మెటీరియల్స్ అని పేరు మార్చుకుంది, ఉక్కును బొగ్గు లేకుండా హైడ్రోజన్‌తో తీయడం మీద అక్కడ జోరుగా పనిచేస్తున్నారు. అక్కడ పీహెచ్‌డీ చాలావరకు జీతం ఉన్న ఉద్యోగం. చిక్కల్లా పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు దాటి తాత్కాలిక కాంట్రాక్టులు ఇవ్వకుండా అక్కడ చట్టం ఉండటం. శాశ్వత పోస్టులు తక్కువ, కాబట్టి ఆరో ఏడు వచ్చేసరికి పెట్టె సర్దుకోవాలి. చాలామంది అప్పుడే ఎన్ఐటీ, ఐఐటీ ప్రకటనలు చూడటం మొదలుపెడతారు. నాలుగో ఏడే మొదలుపెట్టాలి, ఎందుకంటే మన ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య ఎన్ని నెలలు గడుస్తాయో ఎవరి చేతుల్లోనూ లేదు.

కంపెనీల మాట కొస్తే, జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ ఆర్ అండ్ డీ 1937 నుంచి ఉంది, బెంగళూరులో జీఈ టెక్నాలజీ సెంటర్, హైదరాబాద్ ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ కంపెనీలు ఉన్నాయి. వీళ్లు పేపర్ల జాబితా పెద్దగా చూడరు. "మా పార్టు ఇక్కడ పగులుతోంది, ఏం చేస్తారు?" అని అడుగుతారు. చెల్పూరు ట్యూబు ముందు నిలబడి ఆ ఇద్దరు ఇంజినీర్ల మాటా చెప్పగలిగినవాళ్లకు అక్కడ చోటుంది.

ఇక ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసే లెక్చరర్లు వరంగల్ చుట్టూ చాలామందే ఉన్నారు. పని చేసే చోటి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, పని ఆదివారాలూ సెలవుల్లోనూ నడవాలి, ల్యాబ్ టెక్నీషియన్‌కు కూడా ఆదివారమే సెలవు. కోటి సైకిళ్ల ఫాటిగ్ టెస్టు లాంటివి మీ టాపిక్‌లో పెట్టుకోకండి, రెండు రోజుల్లో ముగిసే ప్రయోగాలతో అల్లుకోగల ప్రశ్న వెతుక్కోండి.

ఎన్ఐటీల్లో పీహెచ్‌డీ అడ్మిషన్లు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. అప్లై చేసే ముందు ఒక రోజు కేటాయించుకుని ఆ ల్యాబుకు వెళ్లండి, గైడ్ లేని సమయంలో. మూడో ఏడు, నాలుగో ఏడు స్కాలర్లను పట్టుకుని క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అడగండి: ఇక్కడి నుంచి చివరగా థీసిస్ ఇచ్చిన ముగ్గురు ఎన్నేళ్లకు ఇచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారు, మీ ఫెలోషిప్ కిందటి నెల పడిందా, ఆ మూల గుడ్డ కప్పి ఉన్న మెషిన్ ఏంటి?